మామ్మ వదిలేసినవి

నా చూపు బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ వయసులోనూ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తానని మా కోడళ్ళు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటారు. ఆ చూపు నాది కాదర్రా, ఒకావిడ దగ్గర లాక్కున్నది అంటే, పెద్దావిడ చాదస్తం అని నవ్వి ఊరుకుంటారు. వినేవాళ్ళు లేరు కనక రాసి పెడుతున్నాను.

మాది కళింగపట్నం. నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. యుద్ధం రోజులు కావడంతో కొట్లో సరుకు తక్కువ, కబుర్లు ఎక్కువ. ఇంట్లో అమ్మ, నాన్న, నాన్నని కన్నతల్లి మామ్మ, నేను. మా ఇళ్ళలో నీచు ముట్టరు. ఊరు ఊరంతా ఎండుచేపల వాసనే అయినా మా గడపకి ఇవతల చేప అన్న మాట పలకకూడదు. చేపలమ్మే ఆడవాళ్ళు ఉప్పుకీ చింతపండుకీ వస్తే కొట్టు మెట్టు దిగువనే నిలబడేవారు. ఇక మామ్మ మడి సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లారకముందే లేచి, పెరట్లో నూతి దగ్గర నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుని, తడిబట్టతోనే మడినీళ్ళు తోడి తెచ్చుకునేది. ఆవిడ వంట ఆవిడే వండుకునేది. ఏడాదికోసారి డోలోత్సవానికి శ్రీకూర్మం వెళ్ళి స్వామిని చూసి వస్తే, మళ్ళీ ఏడాది వరకూ ఆ కబుర్లే చెప్పేది.

నాకు తొమ్మిదో ఏట తట్టు వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పథ్యం తగ్గలేదు. అమ్మవారికి కోపం వస్తుందని పాలు లేవు, కూర లేదు, ఎంతకాలమైనా పాతబియ్యపు అన్నం, చారు. ఒక సాయంత్రం ఆడుకుని ఇంట్లోకి వస్తూ గడప తన్నుకుని బోర్లా పడ్డాను.

"కళ్ళు నెత్తిమీదున్నాయేటే?" అంది అమ్మ.

కళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయి. పొద్దు వాలగానే పనిచెయ్యడం మానేశాయి, అంతే. దీపం పెట్టినా దాని చుట్టూ ఏముందో నాకు తెలిసేది కాదు. రేచీకటి అన్నారు.

నాన్న నన్ను శ్రీకాకుళం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాడు. ఆయన నా రెప్పలు పైకెత్తి చూసి, ఒంట్లో 'ఏ' విటమిన్ అనేది లేకుండా పోయిందనీ, ఇలాగే వదిలేస్తే పగటి చూపు కూడా పోతుందనీ చెప్పారు. యుద్ధం వల్ల ఇంగ్లీషు సీమ నుంచి చేపనూనె సీసాలు రావడం లేదట. "మీ ఊళ్ళో సొరచేప కాలేయం కాచి నూనె తీస్తారు కదా, పడవలకి పూస్తారు. అదే తాజాగా తీసినది రోజూ ఒక చెంచాడు పట్టండి," అన్నారు.

ఇంటికొచ్చాక నాన్న గట్టిగానే మాట్లాడాడు.

"డాట్రుకేటి, సెప్తాడు. ఆడపిల్లకి సొర నూనె పట్టేరని నలుగురికీ తెలిస్తే రేపు దీని పెళ్ళెలాగవుతాది?"

అమ్మ ఏడ్చింది. మామ్మ మాత్రం, "వొద్దులే, సామి ఉన్నాడు," అంది. నాన్న ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాటి నుంచి మామ్మ పథ్యం చాలించి, నాకు తన చేత్తో ఆవకాయ అన్నం కలిపి పెట్టడం మొదలుపెట్టింది. ఆవఘాటుకి ముక్కూ కళ్ళూ కారేవి. ఆ అన్నం ఎప్పుడూ పశువులసాల వైపు నుంచి ఎందుకొస్తోందో నాకు అర్థం కాలేదు. నాకు పెట్టాక మామ్మ మళ్ళీ నూతి దగ్గరికెళ్ళి స్నానం చేసేది. అప్పుడే చలికాలం. పళ్ళు టకటకలాడుతుంటే తుడుచుకుంటూ వచ్చేది. ఒకరోజు వెనకాలే వెళ్ళాను. సాలలో చూరు కింద దాచిన చిన్న సీసా తీసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని అన్నం మీద పోస్తోంది.

"ఏటి మామ్మా అది?"

ఉలిక్కిపడింది. "సొర నూనె. మీ నాన్నకి సెప్పేవంటే నాలిక కోసేస్తాను."

నేను ఏడుపు అందుకున్నాను. నీచు తినేశాను, ఇంకేముంది, నరకమే.

"ఒలే, ఏడవకు. నువ్వు తెలిసి తిన్నావేటి? తెలీక తిన్నోళ్ళకి పాపం నేదు. పెట్టినోళ్ళదే పాపం. అది నాది."

"ఇప్పుడు నాకు తెలిసిపోయింది కదా!"

మామ్మ ఇరుకున పడింది. "అయితే కళ్ళు మూసుకుని తిను," అంది.

కళ్ళు మూసుకునే తిన్నాను. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం, అరుగు మీద పిల్లి పడుకుందని నేనే ముందు చెప్పాను. మామ్మ నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. నాన్న స్వామి దయ అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆ డోలోత్సవానికి మామ్మ నన్ను కూడా శ్రీకూర్మం తీసుకెళ్ళింది. స్వామి ఎదుట నిలబడి, తనకి బాగా ఇష్టమైనవి వదిలేస్తున్నానని మొక్కుకుంది. తోటకూర, మామిడిపండు, పాలు, నెయ్యి. పిల్ల చూపు కోసం మొక్కు అని ఇంట్లో చెప్పింది. అది మొక్కు కాదు, శిక్ష అని నాకొక్కదానికే తెలుసు. తెలిసి ఏం చేశాను? ఆ వేసవిలో ఆవిడ వాటా మామిడిపళ్ళు కూడా నేనే తిన్నాను. ఆవిడ ఎదురుగానే కూర్చుని, రసం మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నాను. ఆ మరుసటి వేసవీ అంతే. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తరవాత చలికాలానికి మామ్మ సాయంత్రమయ్యేసరికి గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ముసలితనం అన్నారు. ఒకరోజు తెల్లారకముందే పెరట్లో చప్పుడైతే అమ్మ పరుగెత్తింది. మామ్మ నూతి ఒరకి తగిలి పడిపోయి ఉంది. మోచెయ్యి చెక్కుకుపోయింది, ముందుపన్ను ఊడింది. ఇంకొంచెం ముందుకి తూలితే నూతిలోనే.

మళ్ళీ అదే డాక్టరు. నేనూ వెళ్ళాను. ఏం తింటున్నారని ఆయన అడిగితే, వదిలేసినవన్నీ నాన్న గొప్పగా చెప్పాడు. ఆయన తల పట్టుకున్నారు. "ఆనాడు ఈ పిల్ల ఒంట్లో ఏది లేదన్నానో అది ఉండేది వాటిల్లోనే కదండీ! ఏరి ఏరి వాటినే మానేస్తే ఎలా?" అన్నారు. వెంటనే తినడం మొదలుపెట్టమన్నారు, లేదా సొర నూనె అన్నారు.

"సామి దగ్గర ఒగ్గీసినవి మళ్ళీ ఎలాగ నోట్లో పెడతాను బాబూ?" అంది మామ్మ. నూనె మాటకి రెండు చెవులూ మూసుకుంది.

నాకు అప్పుడు అర్థమయింది. నాకు చూపు తెప్పించిన పాపానికి ఆవిడ తన చూపు జరిమానాగా కట్టేస్తోంది. ఎంత చెప్పినా వినకుండా తెల్లారకముందే నూతికి వెళ్ళడం మాత్రం మానలేదు. చేద గిలక కిర్రుమన్నప్పుడల్లా నేను పక్కలో బిగుసుకుపోయి, నీళ్ళు పైకొచ్చిన చప్పుడయ్యేదాకా చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని.

పెట్టినోళ్ళదే పాపం అని ఆవిడే కదా చెప్పింది. అప్పుడు మామ్మకి నూనె తెచ్చిచ్చిన చేపలమ్మే ఆవిడ చింతపండుకి వచ్చినప్పుడు, నాన్న లోపలికెళ్ళగానే మెట్టు దిగి, మామ్మ మళ్ళీ ఆ నూనె తెమ్మందని అబద్ధం చెప్పాను. తెచ్చిచ్చింది. మామ్మ తనకోసం విడిగా పెట్టుకునే మడి ఆవకాయ జాడీ మూత తీసి అందులో పోసి కలిపేశాను. ఆ జాడీని తాకితేనే తప్పు, ఇక ఆ పని గురించి ఏం చెప్పను. మామ్మ రోజూ ఆ ఆవకాయ వేసుకుంటుంటే తలుపు చాటునుంచి చూసేదాన్ని. మామూలుగానే కలుపుకుని తినేది. నూనె తగ్గినప్పుడల్లా మళ్ళీ పోసేదాన్ని.

కొద్ది వారాలకి ఒక వేకువజామున నూతి దగ్గర నుంచి పిలిచింది. "ఒలే గుంటా, సుక్కలు కనిపిస్తన్నాయే!"

నాన్న మళ్ళీ స్వామి దయే అన్నాడు. నాన్న కొట్టుకి వెళ్ళాక మామ్మ నన్ను పశువులసాలలోకి తీసుకెళ్ళింది.

"ఆ వాసన నాకు తెలీదనుకున్నావేటే? ఎన్నాళ్ళు మోసేను ఆ సీసా!"

"తెలిసి మరెందుకు తిన్నావు మామ్మా?"

"తెలీక తింటే పాపం నీకు సుట్టుకుంతాది. తెలిసి తిన్నాను, అది నాదైపోనాది. నీకేటీ అంటదు. ఎల్లి ఆడుకో."

ఆవిణ్ణి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. "ఈసారి ఏటి ఒగ్గేస్తావు?" అని అడిగాను.

"సెప్తే దాన్లో కూడా ఏదో కలిపేస్తావు," అని నవ్వింది.

ఆవిడ కంచం కనిపెట్టి చూశాను. వంకాయ, పప్పు, చారు, అన్నీ తింటూనే ఉంది. ఆశ్చర్యం, తోటకూర కూడా వండుకోవడం మొదలుపెట్టింది. పాలూ తాగింది. మళ్ళీ ఆ నూనె నా చేత పోయించకూడదని తింటోందని నాకు తెలుసు. అయినా లోపల్లోపల సంతోషపడ్డాను, ఇక వదలడానికి ఏమీ లేదు కదా అని.

డోలోత్సవం వచ్చింది. బండి కట్టాక, మోకాళ్ళు నొప్పులు, మీరెళ్ళి రండి అంది మామ్మ. ఆ మరుసటి ఏడూ మోకాళ్ళే. అవే మోకాళ్ళతో రోజూ నూతి నుంచి బిందె మోసుకొచ్చేది. పోయేదాకా ఆవిడ మళ్ళీ శ్రీకూర్మం వెళ్ళలేదు.

మేము తిరిగొచ్చి ప్రసాదం చేతిలో పెడితే కళ్ళకద్దుకునేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "సామి ఎలాగున్నాడే? ఏ పువ్వులేసేరు? సెప్పు," అనేది. నేను చూసినదంతా చెప్పేదాన్ని. మామ్మ కళ్ళు మూసుకుని వినేది.