ముందు వదలండి

మా బావగారి కుడికంటి ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. ఏలూరు ఆసుపత్రిలో ఆకుపచ్చ గౌను తొడిగి, కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టేవారు. ఇంటి దగ్గర మాత్రలతో అదుపులో ఉండే బీపీ, నర్సు చూసేసరికి ఎక్కడికో ఎక్కిపోయేది. "ఇవాళ వద్దండీ, తగ్గాక రండి" అని పంపించేసేవారు.

ఆయనకు పెదపాడు దగ్గర చేపల చెరువు ఉంది. మబ్బు పట్టిన రోజు తెల్లవారేసరికి నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. గట్టు మీద నుంచి దాన్ని అందరికన్నా ముందు పసిగట్టడం ఆయనకు అలవాటు. ఎడమకన్ను మొదటినుంచీ అంతంతమాత్రం. కుడికంట్లో శుక్లం ముదిరాక చెరువంతా పాలు పోసినట్టుందనేవారు. ఇంకా ఆలస్యమైతే గట్టెక్కడం మానుకోవలసిందే. ఆ మాట మాత్రం పైకి అనేవారు కాదు.

మా అక్కయ్య తాడేపల్లిగూడెంలో టీచరుగా చేసి రిటైరయింది. పెళ్లికాక ముందునుంచీ చర్చి క్వయర్లో పాడుతోంది. గుండె దడగా ఉన్నప్పుడు ఊపిరిని గమనిస్తూ కూర్చోవడం అక్కడే అబ్బిందట. రెండోసారి వెనక్కి వచ్చిన మర్నాడు బావగారిని వరండాలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. పత్రికలో విలేకరినైన నేను ఆ రోజుల్లో వాళ్లింట్లోనే ఉన్నాను.

"కళ్లు మూసుకోండి. ఊపిరి వస్తోంది, పోతోంది. చూస్తూ ఉండండి, అంతే."

ఆయన ఛాతీ ఉబ్బించి గబగబా గాలి పీల్చారు. కాసేపటికి కుర్చీ చెయ్యి పట్టుకున్నారు.

"తల తిరుగుతోందే."

"అంత గాలెందుకండీ?"

"చేపలకి గాలి చాలకపోతే ఏరియేటర్ వేస్తాం. మనిషికి వెయ్యొద్దా?"

నేను నవ్వాను. ఆయన నావైపు తిరిగారు.

"నవ్వకు బావా. నువ్వు పేపర్లో కొట్టిన గాలి కన్నా ఇది నయమే."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అక్కయ్య విసుక్కోలేదు, పాఠం చెప్పలేదు. పక్కన కూర్చుని తన ఊపిరి తాను చూసుకునేది. ఒకరోజు కాఫీ ఇస్తూ మామూలుగా అడిగింది.

"చెరువులో నీళ్లు మార్చాలంటే ముందు ఏం చేస్తారండీ?"

"తూము తీసి పాత నీళ్లు కొంత వదుల్తాం."

"నిండుగా ఉండగానే కొత్తనీళ్లు పెట్టెయ్యరా?"

"గట్టు తెగుతుంది కదే."

"మరి మీరు రోజూ చేస్తోంది అదేనండీ. ముందు వదలండి. నెమ్మదిగా, మొత్తం. లోపలికి రావాల్సింది దానంతటదే వస్తుంది."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, కళ్లు మూసుకుని వదిలారు. భుజాలు దిగాయి. విలేకరిగా ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఎదుటి మనిషికి అందే ఒక్క మాట కోసం ఇంత ఓపికగా కాచుకున్నవాళ్లను మాత్రం చాలా తక్కువగా చూశాను.

ఆ తర్వాత రోజూ కూర్చున్నారు. మధ్యలో మనసు మేత బస్తాల మీదికి, వల లాగే రోజు మీదికి పోయేది. "పోతే పోనివ్వండి, మళ్లీ ఊపిరి దగ్గరికి రండి" అనేది అక్కయ్య. మాత్రలు మాత్రం మాననివ్వలేదు.

మూడోసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కయ్యను బయట బెంచీ మీద ఉండమన్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నర్సు ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

"తాతగారూ, నిద్రపోయారేంటండీ?"

"లేదమ్మా. తూము తీశాను."

ఆ అమ్మాయి నావైపు చూసింది. మీటరు చూసి, "సరిపోతుందండీ, లోపలికి తీసుకెళ్తాం" అంది.

ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు పొద్దున్నే చెకప్ చేయించుకుని వస్తున్నాం. ఆకాశం మబ్బుపట్టి ఉంది. దుమ్ములోకి వెళ్లొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. చెరువు దగ్గరకు రాగానే బావగారు కారు ఆపమన్నారు.

"దిగొద్దన్నారండీ" అంది అక్కయ్య.

"ఆపొద్దనలేదుగా."

మూసిన అద్దంలోంచే చాలాసేపు చూశారు. నాకు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

"తూర్పు మూల తేలుతున్నాయి. ఏరియేటర్ వెయ్యమని కాపలా అతనికి ఫోన్ చెయ్యి బావా."

నేను ఫోన్ తీశాను. వెనక సీట్లో అక్కయ్య నెమ్మదిగా, మొత్తం ఊపిరి వదలడం వినిపించింది.