ఖాళీగ ఉన్న వేళ్లు

నేను కోడలిగా వచ్చినకాడి నుంచి మా అత్త వేళ్లు ఆగంగ చూడలే. చేతిల ఆకు లేకున్నా బీడీ చుడుతున్నట్టే కదిలేటివి.

ఇంటింటి ఆదాయం రాసుకునే మనిషి జోడ్‌భావి పేట్‌ల మా గల్లీకొచ్చిండు. ఎక్కువ రాస్తే రేషన్ కార్డు పోతదని అత్త బీడీల చాటను మంచం కిందికి తోసింది.

"ఇంట్ల సంపాదించేటోళ్లు ఎందరు?"

"నా కొడుకొక్కడే సాబ్. మగ్గం నడుపుతడు."

"మీరు?"

"నేనేం చెయ్య. ఖాళీగనే ఉంట."

అనుకుంటనే ఒళ్లో వేళ్లు బీడీ చుడుతున్నయి. ఆయన వాటి దిక్కే చూసిండు. ఆఖరికి రాసుకుని పోయిండు.

చాట బయటికి తీసి ముందర పెట్టిన. అత్త ముట్టలే.

"నేనేం చెయ్యనని రాసిండా?"

"అట్లనే రాసిండు, అత్తమ్మా."

అప్పుడు ఆగినయి ఆ వేళ్లు.