బోర్డు మాత్రం అలాగే ఉంది

నార్త్ యార్క్‌లో మా లైబ్రరీ మీటింగ్ రూములో తినుబండారాలు నిషేధం. అందుకని మా పుస్తకాల గుంపు జంతికలను చప్పుడు కాకుండా తినడం నేర్చుకుంది. నోట్లో పెట్టుకుని కాసేపు నానబెట్టాలి. ఆలోగా ఎవరో ఒకరు నల్లవాళ్ళకు వేరే బడులు, వేరే కుళాయిలు పెట్టిన రోజుల గురించి పైకి చదువుతుంటారు. మిగిలినవాళ్ళం జంతిక బుగ్గన పెట్టుకుని, కళ్ళెర్రజేసి వింటాం. కోపానికి కోపం, చిరుతిండికి చిరుతిండి. నెలకు రెండు శనివారాలు ఇలా హాయిగా గడిచిపోయేవి.

గుంపుకు పెద్ద ఒక అంకుల్. గుంటూరు వైపు మనిషి, రిటైరైన ఇంజనీరు. ఏం చదవాలో ఆయనే చెబుతారు. జాతి వివక్ష మీద, పేదపేటలు గొప్పపేటలుగా ఊళ్ళు చీలిపోవడం మీద ఏ పుస్తకం వచ్చినా ముందు ఆయన చదివి, పెన్సిలుతో గీతలు గీసి, తర్వాత మాకిస్తారు. లైబ్రరీ పుస్తకాల్లో కూడా గీస్తారు. తప్పు కదా అంకుల్ అంటే, "తర్వాత చదివేవాళ్ళకి పనికొస్తుంది కదమ్మా" అంటారు. నేను ఈ దేశానికి వచ్చిన మొదటి చలికాలం, పలకరించే మనిషి లేక గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో, సంచీనిండా పుస్తకాలు తెచ్చి మా గుమ్మం దగ్గర పెట్టింది ఆయనే. ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఆ ఇష్టం లేకపోతే ఈ గొడవే లేదు.

కొత్తగా ఎవరు చేరినా అంకుల్ చెప్పే కథ ఒకటుంది. ముప్పై ఏళ్ళ కిందట ఇల్లు వెతుక్కుంటూ, అద్దెకిస్తామన్న బోర్డు చూసి ఒక ఓనరుకు ఫోన్ చేశారు. ఈయన ఇంగ్లీషు విని ఓనరు మురిసిపోయాడు. వెంటనే రమ్మన్నాడు. అంకుల్ ఉన్న ఒక్క కోటూ ఇస్త్రీ చేసుకుని వెళ్ళారు. ఓనరు తలుపు తీశాడు, మొహం చూశాడు, "ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశాం" అన్నాడు. ఆఫీసుకు దారి ఆ వీధిలోంచే. "వారమైంది, నెలైంది..." అని అంకుల్ ఇక్కడ ఆగుతారు. అప్పుడు మేమంతా ఒక్క గొంతుతో, "బోర్డు మాత్రం అలాగే ఉంది!" అనాలి. బుర్రకథలో వంతపాట లాగ అది మా గుంపు ఆచారం.

మిగిలినవాళ్ళకూ తలా ఒక కథ ఉంది. కిచెనర్ ఊరి నుంచి కారేసుకుని వచ్చే సాఫ్ట్‌వేర్ ఆయన పేరును ఆఫీసులో సగానికి నరికేశారు. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుకుంటూ సూపర్ మార్కెట్లో పార్ట్‌టైమ్ చేసే అమ్మాయిని, మీ దేశం పో అన్నాడు ఒక కస్టమర్. చిన్న దెబ్బలేం కావు. అవి చెప్పుకుని, తిట్టుకుని, తేలికపడి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. ఏ పుస్తకం చదివినా మేం దెబ్బతిన్నవాళ్ళ పక్షమే. తలుపు తీసి లేదని చెప్పే మనిషి ఎప్పుడూ ఇంకొకడే.

ఒకరోజు లైబ్రరీలో పనిచేసే ఆవిడ వచ్చి, జంతికల డబ్బాను చూడనట్టు నటించి, ఒక మంచిమాట చెప్పింది. పైనున్న తెలుగు అరలో కాస్త చోటుందట. మేం చదివే విషయాల మీదే తెలుగు పుస్తకాలు తలా ఒకటి చెబితే తెప్పిస్తుందట. పెళ్ళికి పిలిచినంత సంబరపడిపోయాం.

నేను రెండో ఆలోచన లేకుండా నా పుస్తకం ఎంచుకున్నాను. మా ఒంగోలు వైపు ఒక దళిత స్త్రీ తన చిన్నతనం గురించి రాసుకున్నది. ఎవరైనా వచ్చి నీళ్ళు పోసేదాకా ఊరి బావి పక్కన బిందెతో నిలబడటం, టీ కొట్టు చూరులో విడిగా పెట్టిన గ్లాసు, బడిలో వెనక వరస. నవ్వొచ్చే చోట్లు కూడా బోలెడున్నాయి. అందులో మా అమ్మ ఉంది, మా వాడ ఉంది, నేనూ కొంచెం ఉన్నాను. తెలుగు అరంటూ ఒకటుంటే దాంట్లో మా వాడకూ చోటుండాలి. నాకు కావలసింది అంతే.

నేనెవరో గుంపులో ఎవరికీ తెలియదు. దాచలేదు, ఎవరూ సూటిగా అడగలేదు. ఇంటిపేరు అడిగారు, చెప్పాను. అది మూడు నాలుగు కులాల్లో ఉన్న పేరు. ఎవరికి నచ్చిన కులంలో వాళ్ళు నన్ను వేసుకుని తృప్తిపడ్డారు.

ఆ శనివారం నేను పుస్తకం బల్ల మీద పెట్టి, దేని గురించో చెప్పాను. అంకుల్ అట్ట చూసి, వెనక్కి తిప్పి చూసి, మెల్లగా నావైపు జరిపారు.

"మంచి పుస్తకమే అయ్యుంటుందమ్మా. కానీ మనం చదివేది రేసిజం గురించి కదా. ఈ కులం గోల ఇక్కడిదాకా ఎందుకు? ఇక్కడివాళ్ళు చూస్తే మన గురించి ఏమనుకుంటారు?"

"అవునండీ," అన్నాడు కిచెనర్ ఆయన. "అసలే మనల్ని చూసి మొహం చిట్లిస్తున్నారు. మనమే వాళ్ళకి పాయింట్ అందించినట్టవుతుంది."

వరంగల్ అమ్మాయి జంతిక మింగింది. "అది తెలుగుల ఉంది కదా అంకుల్. ఇక్కడోళ్ళు ఎట్ల చదువుతరు?"

అందరం పగలబడి నవ్వాం, అంకుల్‌తో సహా. తెలుగు అర ముందు నిలబడి పుస్తకం తీసి చదవగలిగేది ఈ చుట్టుపక్కల మేమే. మరి ఎవరు చూస్తారని భయం?

అంకుల్ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "సరే, ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ అవన్నీ ఇప్పుడెక్కడున్నాయమ్మా? మా తాతల కాలం నాటివి."

నాకు చర్రున మండింది. నవ్వు మొహం మీద ఇంకా పూర్తిగా ఆరనేలేదు, ఒంటికాలి మీద లేచాను.

"మీరీ పుస్తకం చదివారా అంకుల్?"

"లేదు."

"చదవకుండానే వద్దంటున్నారు. కనీసం పెన్సిలు గీతైనా పడలేదు దీని మీద. సరే, నేనో కథ చెప్తాను వినండి."

హైదరాబాద్‌లో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పటి కథ. ఆఫీసుకు దగ్గర్లో, గేటుకు టులెట్ బోర్డున్న రెండు గదుల వాటా దొరికింది. ఇంటావిడ ఎంతో మర్యాదగా మంచినీళ్ళిచ్చింది, బాల్కనీ చూపించింది, తులసి మొక్కకు రోజూ నీళ్ళు పోయమంది. కర్టెన్లకు ఏ రంగు బాగుంటుందో ఇద్దరం మాట్లాడుకున్నాం కూడా. గుమ్మం దిగబోతుంటే అడిగింది, "మీరేవిట్లమ్మా?" అని. కులం అడిగే పద్ధతి అది. చెప్పాను. ఆవిడ మొహంలో మర్యాద పోలేదు, అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. అదే నవ్వుతో, "అయ్యో, మావారు పొద్దున్నే ఎవరికో మాటిచ్చేశారట, మర్చేపోయాను" అంది. నా ఆఫీసు బస్సు ఆ ఇంటిముందు నుంచే వెళ్ళేది. వారమైంది, నెలైంది...

"బోర్డు మాత్రం అలాగే ఉంది," అనేసింది వరంగల్ అమ్మాయి, అలవాటు కొద్దీ. అని నోరు మూసుకుంది.

కిచెనర్ ఆయన బుగ్గలో నానుతున్న జంతిక అప్పుడే ఫట్‌మని విరిగింది. మామూలు రోజైతే దానికి నేనే ముందు నవ్వేదాన్ని. అంకుల్ చెయ్యి చాపి, "ఆ పుస్తకం ఇలా ఇవ్వమ్మా, చదివి ఇస్తాను" అన్నారు. ఇచ్చి వచ్చేశాను.

ఇంటికెళ్ళి ఏడ్చాను. కథ చెప్పినందుకు కాదు, ఆయన మొహం చూసి. పుస్తకం అరలోకి రాకపోతే పోనీ, ఆయన ఇకమీదట నన్ను అమ్మా అని పిలిచేటప్పుడు ఒక్క క్షణం ఆగితే? ఆ ఆగడం నాకు బాగా తెలుసు. రెండువారాలూ ఆయన దగ్గర్నుంచి ఫోన్ లేదు. నేనూ బింకం కొద్దీ చేయలేదు.

తర్వాతి శనివారం మీటింగ్‌కు అంకుల్ ముందే వచ్చి లైబ్రరీ గుమ్మంలో నాకోసం నిలబడి ఉన్నారు. "ఏమ్మా, ఆలస్యమా?" అన్నారు, ఎక్కడా ఆగకుండానే. నా ప్రాణం లేచి వచ్చింది. పుస్తకం చేతికిచ్చారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా పెన్సిలు గీతలే. నా సొంత కాపీ అది!

"లైబ్రరీ ఆవిడ చేతికి నీ పుస్తకం పేరే ముందిచ్చాను," అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఇంకో సంగతమ్మా. కూకట్‌పల్లిలో మాకో ఫ్లాట్ ఉంది. మా చెల్లెలు చూసుకుంటుంది. ఇది సగం చదివాక ఎందుకో దానికి ఫోన్ చేసి, అద్దెకి ఎవరికిస్తున్నావే అని అడిగాను. 'నువ్వేం బెంగపడకన్నయ్యా, మనవాళ్ళు కానివాళ్ళని మెట్లెక్కనిస్తానా' అంది. పైగా నేను మెచ్చుకుంటాననుకుంది."

నేను ఆయన గీతలున్న పేజీలు తిరగేశాను.

"ఇన్నేళ్ళూ ఊరందరికీ ఆ కథ చెప్పానా? అందులో ఓనరు నేనేనమ్మా." నవ్వబోయారు. నవ్వు సగం దాకా వచ్చి కళ్ళు తడయ్యాయి. నాకు ఆయన మీద జాలి, ఇష్టం, కాస్త కోపం అన్నీ ఒక్కసారే వచ్చాయి. జేబురుమాలు ఇచ్చాను.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

"చెల్లెలితో యుద్ధం. ఫ్లాట్ ఖాళీగానే ఉంది. మీ ఆంటీ నా పక్షమో దాని పక్షమో ఇంకా తేలలేదు."

ఆ యుద్ధం వార్తలు మాకు ప్రతి మీటింగ్‌లోనూ అందేవి. చెల్లెలుగారు మాట్లాడటం మానేశారు, మళ్ళీ మొదలెట్టారు, ఆవకాయ పంపనన్నారు. ఆవకాయ మాట వినగానే ఆంటీ చెల్లెలి పక్షంలోకి వెళ్ళిపోయింది. వరంగల్ అమ్మాయి ఇద్దరి వంతులూ గొంతు మార్చి చేసి చూపించేది. అంకుల్ కడుపుబ్బ నవ్వేవారు కానీ పట్టు వదల్లేదు.

మంచు కరిగాక పుస్తకాలు వచ్చాయి. తెలుగు అరలో నా పుస్తకాన్ని చూసుకుని, చుట్టూ ఎవరూ లేరని నిర్ధారించుకుని, దాని వీపు మీద ఓసారి వేలితో నిమిరాను. మళ్ళీ వారం వెళితే అక్కడ లేదు. కిచెనర్ ఆయన తీసుకెళ్ళాడట. ఆయన తర్వాత ఇంకెవరో అడిగి పెట్టుకున్నారట. నా పుస్తకం నాకే దొరకడం లేదని అందరితో గొప్పగా చెప్పుకుని తిరిగాను.

జూన్‌లో ఒక సాయంత్రం, సబ్‌వే మెట్లెక్కి పైకి వస్తుంటే అంకుల్ ఫోన్.

"అమ్మా, కూకట్‌పల్లి ఫ్లాట్‌లోకి మనుషులొచ్చారు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. నిన్ననే పాలు పొంగించుకున్నారట."

"ఎవరంకుల్ వాళ్ళు?" అన్నాను. ఏం తెలుసుకోవాలని అడిగానో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"తెలీదమ్మా," అన్నారు. "అడగొద్దని చెప్పాను."