రెండు కణాలు గుద్దుకున్న కేసు

ఆ సినిమా తీసినవాడు నా కంటపడితే నాలుగు దులిపేద్దును. అందులో ఒక సైంటిస్టు లోకాన్ని పుట్టించిన కణాన్ని గాజుసీసాలో పెట్టుకుని తిరుగుతాడు. అది నీలంగా మెరుస్తుంటుంది. విలన్ దాన్ని లాక్కుంటే, హీరో గూడ్సుబండి మీదికి దూకి వెనక్కి తెస్తాడు. మా నాన్న టీవీలో ఆ సినిమా ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"ఏటమ్మా, మీ కాలేజీలో అలాటి సీసా ఒక్కటైనా ఉందేటి?"

నాకు ఒళ్ళు మండిపోయేది. నేను మేముండే బిలాస్‌పూర్‌లోనే ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. అంతకుముందు పీహెచ్‌డీ పేరుతో ఆరేళ్ళు చేసింది ఆ కణం పనే. విదేశంలో భూమి కింద ఉన్న పెద్ద యంత్రం పంపే డేటా ముందు కూర్చుని కళ్ళు పోగొట్టుకున్నాను. రైల్వేలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మా నాన్న మాత్రం ఎవరడిగినా "కంప్యూటర్ దగ్గర ఏదో సేసింది" అనేవాడు. ఆ 'ఏదో' ఏమిటో ఆయనకు ఒక్కసారి తెలిస్తే చాలు, ఇంకే సన్మానమూ అక్కర్లేదనుకునేదాన్ని.

పోయిన ఏడాది ఒక ఆదివారం మా ఊళ్ళోని తార్‌బహార్ పేటలో తెలుగువాళ్ళ హాల్లో ఆ కణం గురించి నన్ను మాట్లాడమన్నారు. సినిమా పుణ్యమా అని హాలు నిండింది. ముందు వరసంతా రిటైరైన రైల్వేవాళ్ళే, మధ్యలో మా నాన్న. బోర్డు మీద గుండ్రంగా సొరంగం గీసి, ఇటునుంచి కొన్ని కణాలు, అటునుంచి కొన్ని వస్తాయని చెప్పానో లేదో, ఆయన లేచి నిలబడ్డాడు.

"ఆగమ్మా. ఎదురెదురుగా ఎలా వదిలినారు? లైన్ క్లియర్ ఎవులిచ్చినారు?"

"కావాలనే వదులుతారు నాన్నా. గుద్దుకోవాలనే."

హాలు గొల్లున నవ్వుతుందనుకున్నాను. ముందు వరస బిగుసుకుపోయింది. జీవితమంతా రెండు బళ్ళు ఎదురుపడకుండా కాపు కాసినవాళ్ళు మరి!

"కావాలనా!" అన్నాడు ఒక పాత డ్రైవరు. "అచ్ఛా, ఎవుళ్ణైనా సస్పెండ్ సేసినారా లేదా?"

స్పీడెంత, గార్డేం చేస్తున్నాడు, బ్రేకెందుకు వెయ్యలేదు, ప్రశ్నల మీద ప్రశ్నలు. అరగంటైనా నేను సొరంగం దాటలేదు. ఓపిక నశించి సుద్దముక్క విసిరికొట్టాను.

"నాన్నా! నువ్వు ఎన్ని ఏక్సిడెంట్ల ఎంక్వైరీకి వెళ్ళలేదూ! బళ్ళు గుద్దుకుంటుంటే ఒక్కసారైనా చూశావా?"

"నానెలా సూస్తానే? కబురొచ్చినాకే కదా ఎల్తాం."

"మరి రిపోర్టు ఎలా రాసేవాడివి?"

"ముక్కలు సూసి. ఏ ముక్క ఎంత దూరం పడింది, పట్టా మీద గీత ఎటుంది, అన్నీ కొలిస్తే తెలిసిపోద్ది."

"నేను ఆరేళ్ళు చేసిందీ అదే నాన్నా. ఆ కణం పుట్టీ పుట్టగానే విరిగిపోతుంది. ఎవరి కంటికీ కనపడదు. ముక్కలు కొలిచి, అది ఉందని తేల్చాం."

ఆయన కూర్చున్నాడు. ఇప్పుడు కూడా అర్థం కాలేదేమోనని నాకు దిగులేసింది.

ఇంటికి రాగానే "మీ ఎంక్వైరీ రిపోర్టు తే" అన్నాడు. కణం దొరికిందని మేం ప్రచురించిన వ్యాసం ఇచ్చాను. లెక్కలన్నీ తిప్పేసి, చివర చిన్న అక్షరాల్లో పేజీలకు పేజీలున్న పేర్ల దగ్గర ఆగాడు. భూతద్దం పెట్టి, వేలు జరుపుకుంటూ, టీ చల్లారేదాకా వెతికి నా పేరు పట్టుకున్నాడు. ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు. మళ్ళీ మొదటికెళ్ళి ఇంకేదో వెతకసాగాడు.

"ఏం కావాలి నాన్నా?"

"డిసెంట్ నోటు." అంటే, ఒప్పుకోనివాడు విడిగా రాసే కాగితం. "మేం నలుగురం కూకుంటే ఇంజనోడు తప్పు పట్టాలదంటాడు, పట్టాలోడు సిగ్నల్‌దంటాడు. డిసెంట్ లేని రిపోర్టు నా సర్వీసులో ఒక్కటీ సూళ్ళేదే."

"ఇందులో లేదు. అందరూ ఒప్పుకున్నాకే బయటికొచ్చింది."

కళ్ళద్దాలు తీసి నా వంక చూశాడు. వెంటనే ఆ పాత డ్రైవరుకి ఫోను కొట్టాడు.

"ఒరే, ఆ గుద్దుడు కేసు ఎంక్వైరీ మా అమ్మాయే సేసిందిరా! వేలమంది సంతకాలెట్టినారు. ఒక్కడూ కాదన్లేదు!"

నేను వంటింట్లోకి వెళ్ళి హాయిగా ఏడ్చాను.