తప్పు ప్రోగ్రాములు పెట్టిన సార్

మా ప్రోగ్రామింగ్ సార్ పోయారు. శుక్రవారం మధ్యాహ్నం గుండె ఆగిపోయిందని ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. మర్నాడే ఖననం. యూనివర్సిటీ వాళ్లు అందరికీ పంపిన ఈమెయిల్లో ఆయన్ని "ఆన్‌లైన్ బోధనకు ఆద్యుడు" అన్నారు. చదివి నాకు ఒళ్లు మండింది. కంప్యూటర్ పేరు చెప్పి క్లాసును ఎత్తేయబోతే, అదే కంప్యూటర్‌తో క్లాసును నిలబెట్టిన మనిషి ఆయన. ఈ తేడా ఎవరో ఒకరు రాయాలి కాబట్టి నేను రాస్తున్నాను.

ఆయనది కడప. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. పాతికేళ్లు మెల్‌బోర్న్‌లో ఉన్నా నోట్లో "అబ్బీ" పోలేదు. పరీక్షల ముందు మాలో కొందరం ఊరి శివార్లలోని కేరమ్ డౌన్స్ గుడికి వెళ్లాలంటే తన కారులోనే తీసుకెళ్లేవారు. మేం లోపల ప్రదక్షిణాలు చేస్తుంటే ఆయన పార్కింగులో కూర్చుని పేపర్లు దిద్దుకునేవారు.

వైటూకే తెచ్చిన కంప్యూటర్ ఉద్యోగాల పుణ్యమా అని ఆ రోజుల్లో సివిల్, మెకానికల్ చదివినవాళ్లమంతా ఐటీ మాస్టర్స్‌కి వచ్చి పడ్డాం. సగం మంది మనవాళ్లే. హాలు చాలేది కాదు, ఫెయిలయ్యేవాళ్లకు లెక్కలేదు. దీనికి ఫ్యాకల్టీ పెద్దలు ఒక మందు కనిపెట్టారు. లెక్చర్లన్నీ సీడీలో పెట్టి చేతికిచ్చేయడం, క్లాసులు తీసేయడం, ట్యూటర్లను ఇంటికి పంపడం. సార్ అడ్డుపడ్డారు. తన కోర్సును తానే కంప్యూటర్ సాయంతో కొత్తగా మలుచుకుంటానని ఒక్క సెమిస్టర్ గడువు అడిగారు. ఫలితం కనిపించకపోతే ఇక సీడీలే.

అప్పటికి నేను చేతికందిన కరపత్రమల్లా చదివి రగులుతున్నవాణ్ణి. కోర్సుకు వెబ్‌పేజీ వస్తోందని వినగానే, యంత్రాలు పంతుళ్ల పొట్ట కొడుతున్నాయని రెండు పేజీలు రాసి, కాపీలు తీసి, మొదటిది ఆయన చేతికే ఇచ్చాను. నిలబడే మొత్తం చదివారు.

"కోపం బాగుందబ్బీ. తప్పు యాడుందో చెప్పలేదే. ఏ లైన్లో?"

ఆ "ఏ లైన్లో?" ఆయన ఊతపదం. క్యాంటీన్ టీ బాలేదన్నా, ప్రభుత్వం బాలేదన్నా అదే ప్రశ్న. దేన్నైనా తిట్టొచ్చు, వేలుపెట్టి చూపించగలిగితే.

మొదటి క్లాసుకి ముందే పేజీలో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టారు. ఏదైనా సంవత్సరం ఇస్తే అది లీపు సంవత్సరమో కాదో చెబుతుంది. చూసి రమ్మన్నారు, అంతే. మనవాళ్లు ప్రింటు తీసి, ఫైల్లో పెట్టుకుని, బట్టీ పట్టి వచ్చారు. క్లాసులో ఆయన దానికి రెండువేల సంవత్సరం ఇచ్చారు. లీపు సంవత్సరం కాదంది తెర. ఎవరూ కదల్లేదు. కొందరు ఆ జవాబు కూడా రాసుకున్నారు. ఆ రోజు అదే ఏడాది ఫిబ్రవరి ఇరవై తొమ్మిది.

పక్కనున్న వరంగల్ మిత్రుడితో, ఇది తప్పు కదా అన్నాను గుసగుసగా. "సార్ రాసిండు కదరా. ఆయనకన్న నీకెక్కువ తెల్సా? కూసో" అని చొక్కా పట్టి లాగాడు. విదిలించుకుని లేచాను.

"సార్, మీ ప్రోగ్రాం తప్పు."

"ఏ లైన్లో?"

"మూడో లైన్లో. వందతో భాగిస్తే శేషం రాకపోతే లీపు కాదని ఆపేశారు. నాలుగొందలతో కూడా భాగించి చూడాలి. ఇవాళ్టి తేదీ చూసుకోండి."

కన్నతండ్రిని తిట్టినవాణ్ణి చూసినట్టు చూసింది హాలంతా. సార్ మొహం మాత్రం వెలిగిపోయింది. "ఎవురన్నా లేస్తారేమోనని ఇంతసేపూ చూస్తాండా" అన్నారు.

అదీ ఆయన కోర్సు. ప్రతివారం పేజీలో ఒక తప్పు ప్రోగ్రాం. తప్పెక్కడుందో క్లాసుకు ముందే పేజీలోని చర్చా బోర్డులో రాయాలి. క్లాసులో లెక్చరు ఉండదు, వాదనే. చెప్పేదంతా పేజీలో పెట్టేస్తే గంట మొత్తం మనుషులకు మిగులుతుందనేవారు.

మొదట్లో బోర్డు నిండా గౌరవనీయులైన సార్, క్షమించాలి, ఆరో లైనులో బహుశా ఏదో ఉండొచ్చునేమో అనే రాతలే. "ఆరో లైన్లో క్షమాపణ లేదు, తప్పుంది. దాని గురించి రాయండి" అని ఆయన జవాబిచ్చేవారు. పెళ్లయి గుంటూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి క్లాసులో నోరు విప్పేది కాదు. ఇంట్లో పాప పడుకున్నాక డయలప్ ఇంటర్నెట్ మీద బోర్డులో రాసేది. ఆ రాతల్లో ఎవర్నీ వదిలేది కాదు, నన్ను మరీను. ఆయన కావాలని పెట్టని తప్పును కూడా ఓసారి పట్టేసింది. అలా పట్టినవాళ్లకు సార్ భార్య, మా ఆంటీ, వండిన బిర్యానీ డబ్బా దక్కేది. ఆ డబ్బా కోసమైనా అందరం ఆయన రాసిన ప్రతి లైనునూ అనుమానించడం నేర్చుకున్నాం.

చివరి వారం ఫ్యాకల్టీ పెద్ద వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. సార్ ఓ మూల నిలబడి వింటున్నారు, వాదన మాది. కాసేపటికి ఆ పెద్దమనిషి అడిగాడు, పేజీలోనే ఇంత నేర్చుకుంటున్నారు కదా, ఇక ఈ గంట దేనికని. నేను లేవబోయాను. సార్ కళ్లతోనే ఆపారు. లేచింది వరంగల్ వాడు. వచ్చీరాని ఇంగ్లీషులోనే అన్నాడు:

"మీ ప్రశ్నే తప్పు సార్. 'నువ్వు తప్పు' అని సీడీకి చెప్తే అది వినదు. ఈయన వింటడు. మాకు ఆ గంట అందుకే కావాలె."

హాలు దద్దరిల్లింది. ఆ సెమిస్టర్ ఫెయిలైనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. క్లాసులు నిలిచాయి, ట్యూటర్లు నిలిచారు. ఆ ఫలితాలు చూశాక సార్ నన్ను పిలిచి, "ఇప్పుడు రాయబ్బీ కరపత్రం" అన్నారు. రాశాను, ఈసారి లైన్లతో సహా. అది చదివి అకౌంటింగ్ వాళ్లు, స్టాటిస్టిక్స్ వాళ్లు ఆయన గదికి వచ్చి, తమ కోర్సుల్లో తప్పులెలా పెట్టాలో నేర్చుకుని వెళ్లారు. మేం గెలిచాం. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది.

సోమవారం ఆయన క్లాసు రద్దయిందని తలుపుకు కాగితం అంటించారు. నేనిప్పుడు అక్కడే ట్యూటర్ని. వచ్చినవాళ్లకు చెప్పి పంపేద్దామని వెళ్లాను. అప్పటికే అందరూ లోపల ఉన్నారు. గురువారం ఆయన పేజీలో పెట్టిన ప్రోగ్రాం తెర మీద ఉంది. సార్ బల్ల దగ్గర ఎవరూ లేరు. ఏడో లైనంటుంది ఒకమ్మాయి, కాదు తొమ్మిదంటాడు వెనకనుంచి ఒకబ్బాయి, ఇద్దరూ తెర దగ్గరికొచ్చి వేళ్లు పెట్టి చూపిస్తున్నారు, మిగతావాళ్లు చెరోపక్కా చేరారు. గంట అయిపోయింది. తర్వాతి క్లాసు వాళ్లు సంచులు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ గుమ్మంలో నిలబడ్డారు. లోపల ఒక్కరూ కదల్లేదు.