పేరు కొట్టించిన గిన్నెలు

2017 మే నెలలో ఒక సాయంత్రం వీచిన గాలిదుమారానికి మేం పోగొట్టుకున్నవి ఇవి: పింగాణీ ప్లేట్లు నూట నలభై, గాజు గ్లాసులు నూట అరవై, అన్నం వండే గంజులు ఆరు, కూరల బగోనలు పద్నాలుగు, వంటగది పైకప్పు మొత్తం, ఉత్తరం వైపు రాతిగోడ. మనుషులు సున్నా. వంటవాళ్లంతా వరండాలోకి వచ్చి వాన చూస్తుండగా నల్లమద్ది చెట్టు వంటగది మీద పడింది.

నల్లమల అభయారణ్యాన్ని ఆనుకొని, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కొండ మీద ఉన్న ఆ ప్రభుత్వ అతిథిగృహంలో నేను 2014 జూన్‌లో, రాష్ట్రం ఏర్పడిన నెలలోనే, స్టోర్‌కీపరుగా చేరాను. నిజాం కాలపు రాతికట్టడం. చుట్టుపక్కలవాళ్లు గుట్ట బంగ్లా అంటారు. గదులు ఎనిమిదే గానీ దాని భోజనశాల పెద్దది. శ్రీశైలం దారిలో వచ్చిపోయేవాళ్లు అక్కడ ఆగి తినేవారు. మాది నల్లగొండ జిల్లా. నా చదువు పదో తరగతి. లెక్కలు పని చేస్తూ సొంతంగా నేర్చుకున్నవే.

మా పనిలో డెడ్‌స్టాక్ రిజిస్టరు అని ఒకటుంటుంది. బియ్యం, పప్పులా వాడితే అయిపోయేవి కాకుండా, కంచాలు, కుర్చీల వంటి నిలిచి ఉండే వస్తువులు అందులో ఉంటాయి. పగిలినవాటిని కొట్టివేయించాలి, కొత్తవాటికి ఇండెంటు పెట్టాలి, మంజూరు రావాలి. మంజూరుకు మూడు నెలలు పడుతుందని, అంతవరకు భోజనశాల మూసేద్దామని మేనేజరు అన్నారు. వంటలో ఉన్న ఏడుగురూ రోజుకూలీలు. భోజనశాల మూస్తే వాళ్లకు కూలి లేదు.

పెద్ద వంటమనిషి బాలమణి నేరుగా మేనేజరు గదిలోకి వచ్చింది.

"మూడు నెల్లు మూస్తే మేమేం తినాలె సారూ, గాలి తినాలెనా? గిన్నెలే గదా పోయింది. ఊర్ల ఇంటింటికి అటకల మీద పడి పండుకున్నయి. నేనడిగి తెస్త."

ఊరివాళ్లు ఇస్తారా అని మేనేజరు సందేహించారు.

"నేనడిగితే ఇస్తరు. కానీ ఒక్కటి తక్కువొచ్చినా నాకు ఊర్ల మొఖం ఉండది. గా జిమ్మెదారి మీదే."

మర్నాడు రెండు ఆటోల్లో గిన్నెలు వచ్చాయి. తలెలని వాళ్లు పిలిచే స్టీలు కంచాలు, గ్లాసులు, చెంబులు, పెద్ద గంజులు కలిపి రెండు వందల ముప్పై ఒకటి. ఒక్కొక్కటీ రాసుకున్నాను. బాలమణి పక్కన నిలబడి, ఇది మా వదినది, ఇది ఎల్లమ్మది అని చెప్పబోయింది. అవసరం లేదమ్మా, వాటి మీద పేర్లు కొట్టే ఉన్నాయి అన్నాను. ఆమె సరేనని పొయ్యి పని చూసుకోవడానికి వెళ్లింది.

వెనక వరండాలో రేకుల కింద పొయ్యిలు పెట్టి భోజనశాల నడిపించాం. ఒక్క రోజు కూలీ కూడా ఆగలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన తన తలె మీది చుక్కల అక్షరాలు చదివి, ఈ నర్సింహులు ఎవరని బాలమణిని అడిగాడు.

"మా చిన్నాయిన. మెతుకు ఇడిచిపెడితే ఆయనకు కోపమొస్తది. జర సాఫుగ తినుండ్రి," అందామె. ఆయన నవ్వుతూ మారు వడ్డించుకున్నాడు.

ఆగస్టులో కొత్త సామాను దిగింది. అరువు తెచ్చినవాటిని, పేరున్న మనిషికే ఇచ్చి సంతకం తీసుకురమ్మని మేనేజరు ఆదేశం. అది నాకు కూడా సబబుగానే తోచింది. ఆ రోజు బాలమణి సెలవులో ఉంది. జీపులో గిన్నెలు వేసుకొని పేర్లు వాకబు చేసుకుంటూ తిరిగాను. సాయంత్రానికి ముప్పై ఎనిమిది ఇచ్చాను. కొందరు వింతగా చూశారు. ఒక ముసలమ్మ తలెను అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వుకుంటూ లోపల పెట్టుకుంది. ఘాటు కింది ఊళ్లో బాలయ్య మాత్రం సంతకం పెట్టలేదు. గంజును వాకిట్లో దించి పొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ గంజును బైకు వెనక కట్టుకొని ఆయన బంగ్లాకు వచ్చాడు. అప్పుడు తెలిసింది, ఆయన బాలమణికి మేనమామ.

"ఏం బిడ్డా, నీ పెండ్లికి నేను పెట్టిన గంజు. మామ వద్దనుకుంటె మొఖం మీద చెప్పాలె. సర్కారు జీపుల వాపసు పంపుతరా?"

బాలమణి గంజును చూసింది, నన్ను చూసింది. "నీ కాళ్లు మొక్కుత మామా, నేను పంపలే. సారూ, నా గంజు మామ ఇంటికెట్ల పోయింది?"

దాని మీద పేరు ఆయనదే కదా అన్నాను.

"పేరు నాది, గంజు దానిది," అన్నాడు బాలయ్య. "పెట్టినోని పేరు కొట్టిస్తరు గానీ తీసుకున్నోని పేరు కొట్టిస్తరా? మీ నల్లగొండ దిక్కు పెండ్లిళ్లు గావా సారూ?"

అవుతాయి. కేతేపల్లిలో మా ఇంట్లోనూ మా పెళ్లికి వచ్చిన గిన్నెలున్నాయి. రోజూ వాటిలోనే తింటాం. వాటి మీద ఎవరి పేర్లున్నాయో నేనెప్పుడూ చదవలేదు.

పెళ్లిలో పెట్టిన గిన్నె తిరిగి పెట్టినవాళ్ల ఇంటికి వస్తే చుట్టరికం తెంచుకున్నట్టే. నేను అలాంటివి ముప్పై ఎనిమిది పంచి వచ్చాను. అప్పటికే ఊళ్లో ఇద్దరు తోటికోడళ్లు వాకిళ్లలో నిలబడి అరుచుకుంటున్నారని కబురు వచ్చింది. బాలమణి పొయ్యి దగ్గర కూలబడింది. "మీ సర్కారుకేం గాదు సారూ. మాటిచ్చి తెచ్చింది నేను. ఇగ నన్నెవలు నమ్ముతరు?"

దారి చూపింది బాలయ్యే. "ఊకె ఏడువకు. పోయినయన్నీ మళ్ల తెప్పియ్యిండ్రి. అందరికీ ఒక పూట బువ్వ పెట్టుండ్రి. ఎవల తలెల వాళ్లు తింటరు, ఎవలది వాళ్లు కడుక్కొని పట్కపోతరు. గీ సారు రాసుడు బంద్ చేస్తే చాలు."

మేనేజరు ఒప్పుకున్నారు. ముప్పై ఎనిమిదీ తిరిగి తెచ్చాను. ప్రతి వాకిట్లో తప్పు ఎలా జరిగిందో చెప్పాల్సి వచ్చింది. ముసలమ్మ తలె ఇస్తూ, "తెలివిగల్ల సారువే," అంది.

ఆదివారం మధ్యాహ్నం ఊరంతా వచ్చింది. వాళ్ల తాతల కాలం నుంచి ఆ బంగ్లాకు నీళ్లు మోసినవాళ్లు, కట్టెలు కొట్టినవాళ్లు, వండినవాళ్లు ఉన్నారు. ఆ భోజనశాలలో కూర్చొని తినడం మాత్రం చాలామందికి అదే మొదటిసారి. బాలయ్యకు ఆయన పెట్టిన గంజులోంచే బాలమణి అన్నం వడ్డించింది. "ఉప్పెక్కువైంది," అన్నాడాయన. "గంజు నీదే గదా మామా," అందామె. తోటికోడళ్లు పక్కపక్కన కూర్చోలేదు గానీ, ఒకే వరుసలో కూర్చున్నారు.

నేను రాయడం మానలేదు. కాకపోతే కాగితంలో రెండు గడులు గీశాను: పెట్టినవారు, ఉంచుకున్నవారు. సంతకాలు రెండో గడిలో తీసుకున్నాను. ఆ మూడు నెలలూ ఏడుగురి కూలి నిలిచింది ఆ గిన్నెల వల్ల, బాలమణి మాట నిలిచింది ఆ భోజనం వల్ల. రెండింటికీ ఆ ఊరికి నేను రుణపడి ఉన్నాను.

యాభై నాలుగో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకునే దాకా అరువు వస్తువులకు ఆ రెండు గడుల పద్ధతే పాటించాను. వస్తువు మీది పేరు అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది. ఎవరిదో తెలియాలంటే మనిషిని అడగాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

ఆ రోజు అందరూ వెళ్లాక బల్ల మీద ఒక ఇత్తడి చెంబు మిగిలింది. దాని మీద "చంద్రమ్మ, కోస్గి" అని ఉంది. ఏ ఇంట్లో తెచ్చిందో బాలమణికీ గుర్తు లేదు. ఊళ్లో ఎవరూ తమదనలేదు. కోస్గిలో తమకు చుట్టాలే లేరన్నారు. కోస్గి నుంచి భక్తుల బస్సు ఆగినప్పుడల్లా అడిగాను. అక్కడ చంద్రమ్మలు చాలామంది ఉన్నారన్నారు. చార్జి అప్పగించిన నాడు ఆ చెంబును కూడా లెక్క చెప్పి అప్పగించాను. మొన్న ఫోను చేస్తే, ఇంకా ఎవరూ రాలేదని బాలమణి చెప్పింది.

తెచ్చినవి రెండు వందల ముప్పై ఒకటి. ఇచ్చినవి రెండు వందల ముప్పై. ఇవ్వాల్సింది ఒకటి.