తలకట్టు తీసిన అక్షరం

మా ఊళ్ళో బోర్డులు రాసే మామ పోయారని పోయిన నెలలో ఒక ఉదయం ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయన పోయినాడక్కా. నీకు చెప్పమని అమ్మ అనింది," అని అంతకుమించి ఏమీ మాట్లాడకుండా పెట్టేసింది. అమ్మ చెప్పమంటే తప్ప ఆ పిల్ల నాకు చెప్పేది కాదని అర్థమైంది. నాలుగేళ్లుగా ఆయనకూ నాకూ మాటల్లేవు. బజారులో ఎదురుపడితే నేనే ముఖం తిప్పుకునేదాన్ని. ఫోన్ పక్కన పెట్టాక ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు రావాల్సిన జవాబు ఒకటి ఉండిపోయింది, అది చెప్పకుండానే వెళ్ళిపోయారు.

ఆయన నాకు రక్తసంబంధం ఏమీ కాదు. వాళ్ళది ముస్లిం కుటుంబం, మాది వరి పండించే ఇల్లు. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవారు కాబట్టి నాకు మామ అయ్యారు, ఆయన భార్య అత్త అయింది. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీల మీద, రొయ్యల మేత దుకాణాల మీద, ఎరువుల కొట్ల మీద ఉన్న అక్షరాల్లో సగం ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక నిచ్చెనెక్కే పని తగ్గింది. అయినా కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళు గుర్తు కోసం ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పిల్లలు లోగో అంటే ఆయనా నవ్వుతూ లోగో అనేవారు గానీ, పని మాట్లాడేటప్పుడు మాత్రం ఎప్పుడూ గుర్తు అనే అనేవారు.

సరుకు సంగతి తెలియకుండా గీత గీసేవారు కాదు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు వస్తే ఐసుముక్కను అరచేతిలో పెట్టుకుని చెయ్యి తిమ్మిరెక్కేదాకా కూర్చున్నారు. రొయ్యల మేత అమ్మేవాళ్ళు వస్తే మేతను గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి, దీన్ని నేను తినలేను కదా, రొయ్య ఏమనుకుంటుందో నువ్వే చెప్పు అని ఆటపట్టించారు. గీసిన కాగితాన్ని ఇంటి ముందు బట్టలారేసే తీగకు తగిలించి, రోడ్డు దాటి అవతలికి వెళ్ళి, కళ్ళు సగం మూసుకుని చూసేవారు. అలా చూసినా పోల్చుకోగలిగితేనే ఆయన లెక్కలో అది గుర్తు. లేకపోతే పొయ్యిలో పెట్టమని అత్తకిచ్చేసేవారు. అత్తకు పారేయబుద్ధి కాక అలమరలో గిన్నెల కింద పరిచేది. వాళ్ళింట్లో ఏ గిన్నె ఎత్తినా కింద ఎవరిదో ఒక వ్యాపారం కనబడేది.

ఒకసారి నెయ్యి వ్యాపారి ఒకాయన డబ్బా మీద ఆవు బొమ్మ కావాలని వచ్చారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. మామ మూత తీసి, కాస్త నెయ్యి వేలికి రాసుకుని వాసన చూసి, ఆవును వేయనన్నారు. అందరూ వేయించుకుంటున్నదే కదా, మీకేం పోయిందని వ్యాపారి గట్టిగానే అడిగారు.

"ఇందులో ఆవు యాడుందన్నా? లేని ఆవుని నేను యాడ్నించి తోలుకొచ్చేది?" అన్నారు మామ.

ఆ పెద్దమనిషి విసవిసా వెళ్ళిపోయాక నా వైపు తిరిగారు. "చదువొచ్చినోళ్ళు పేరు చదువుకుంటారు పాపా. రానోళ్ళు గుర్తునే నమ్ముకుంటారు. గుర్తు పెట్టినామంటే వాళ్ళకి మాట ఇచ్చినట్టే." ఆ మాటను నేను చాలా ఏళ్లు పట్టుకుని బతికాను. తర్వాత జరిగింది అంతగా నొప్పి పెట్టడానికి కారణం కూడా అదే.

మా పొలం వడ్లను ఎక్కువ పాలిష్ పట్టకుండా ఆడించి, నా సొంత పేరు పెట్టి అమ్మాలనుకున్నప్పుడు ఆయన దగ్గరికే వెళ్ళాను. గరిసె అన్న పేరు నేనే అనుకున్నాను. వెదురుతో అల్లి, పేడతో అలికి, వడ్లు పోసుకునే పాతకాలపు గుండ్రటి కొట్టు అది. మామ గుర్తు సంగతి ఎత్తకుండా ముందు అన్నం పెట్టమన్నారు. మూడు రోజులు మా ఇంట్లో తిన్నారు. ఒకరోజు పప్పుతో, ఒకరోజు చేపల పులుసుతో, మూడోరోజు ఉత్త మజ్జిగతో. చెయ్యి కడుక్కుని వచ్చి, గ అనే అక్షరాన్ని కాగితం మీద పెద్దగా రాసి, ఇదే గదా గరిసె అన్నారు. చూస్తే నిజమే, పైన గుండ్రటి కప్పు, కింద తెరిచిన వాకిలి. పైనున్న తలకట్టును వరికంకిగా మార్చారు. ఇంకొక్క గీత కూడా వేయలేదు. తలకట్టు లేకపోతే అక్షరం కాదు, కంకి లేకపోతే గరిసె కాదు, రెంటినీ ఒకటి చేశాను చూడు అని ఆ రోజంతా కనిపించిన వాళ్ళందరికీ చూపించుకున్నారు.

ఊళ్ళలో దాన్ని ఎవరూ గరిసె అనలేదు. కంకి బియ్యం అన్నారు. తోటపల్లి గూడూరు నుంచి అటు చిట్టమూరు దాకా, ఒక్క అక్షరం రాని ఆడవాళ్ళు కూడా కొట్టులో సంచీ తిప్పి కంకి చూసి తీసుకునేవాళ్ళు. ఆ బియ్యం తెల్లగా ఉండవు, ఉడకడానికి కాసేపు పడతాయి. అయినా కంకి ఉంటే చాలు, అనుమానపడేవాళ్ళు కాదు. నా బియ్యానికి ముఖం ఇచ్చింది ఆయనే. ఇంత కోపంలోనూ ఆ మాట ఒప్పుకుంటాను.

ఇక నా తప్పు చెప్పాలి. అది దాచిపెట్టి ఆయన్ని అనే హక్కు నాకు లేదు. పెద్ద ఊళ్ళ సూపర్‌మార్కెట్లలో పెట్టాలంటే సంచీ మార్చాలన్నారు. చెన్నైలో డిజైన్ చేసే అమ్మాయి ఒకామె నా గుర్తును కంప్యూటర్‌లో పెద్దది చేసి, పైనున్న ఈ టిక్ మార్కు ఎందుకని అడిగింది. ఆమెకు తెలుగు రాదు. అది టిక్ మార్కు కాదమ్మా, తలకట్టు అని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఆ ఏసీ గదిలో, ఆ అద్దాల బల్ల ముందు, మా కంకి నాకే మోటుగా కనబడింది. ఆమె దాన్ని తీసేసి, ఉత్త వంపును మాత్రం ఉంచి, బూడిదరంగు సంచీ మీద బంగారు రంగులో అచ్చు వేయించింది. చూడ్డానికి ఖరీదుగా ఉంది. అక్కడ బాగానే అమ్ముడుపోయింది కూడా, ఇక కంకి సంచులు ఆపేశాను. గుర్తు ఎవరి కోసమో తేల్చుకుంటే సరుకు ఎవరి కోసమో తేలిపోతుందని నాకు అప్పుడు తట్టలేదు. మామకు నెమ్మదిగా చెబుదాంలే అని రోజులు జరిపాను. ఆయన ఆ సంచీని బజారులో చూశారు.

ఆరు నెలలు తిరగకుండా మా ఊరి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను ఆపి, ఈ ఏడు నీ బియ్యం ఇట్టుండాయేంది పాపా, అన్నం జిగురుగా అవుతోంది, పురుగు కూడా ఉంది అన్నారు. నావి కావన్నా నమ్మలేదు. కంకి చూసే తెచ్చుకున్నామన్నారు. వెళ్ళి చూస్తే ఎవరో వ్యాపారి కొత్త సంచులు. పేరు వేరు, మొదటి అక్షరం వేరు, దాని నెత్తిన తలకట్టు మాత్రం వరికంకి. ఆ గీత ఎవరిదో నేను చీకట్లో కూడా చెప్పగలను.

నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు స్టూలు మీద కూర్చుని బ్రష్షులు కడుక్కుంటున్నారు. ఇది మీరు వేసిందేనా అని అడిగాను. అవునన్నారు. ఆ బియ్యం తిన్నారా అని అడిగాను. తల ఎత్తలేదు.

"అడిగినారు, రాసినా. రాయడమే గదా నా పని."

నువ్వు పారేసిందే కదా అని తిట్టి ఉంటే అక్కడే కూలబడి ఏడ్చేదాన్ని, క్షమించమని అడిగేదాన్ని. ఆ మాట అనలేదాయన. ఆవును వేయనన్న మనిషి, మూడు రోజులు అన్నం తింటే గాని పెన్సిల్ పట్టని మనిషి, తనకేమీ సంబంధం లేనట్టు ఆ నాలుగు ముక్కలు చెప్పి బ్రష్షు విదిలించారు. నన్ను నిలువునా మోసం చేశారనిపించింది. కంకి పోయినందుకు కాదు, దాన్ని వదిలేసింది నేనే. ఆయన నాకు నేర్పిందంతా ఉత్తుత్తిదేనా అని. తెలిసి చేశారా, లేక మొదటి నుంచీ ఆయనకు అదంతా కేవలం పనేనా? నాలుగేళ్లు నన్ను తొలిచింది ఈ ఒక్క ప్రశ్నే.

ఆయన పోయిన మూడో రోజు ఫాతెహా ప్రార్థనకు వెళ్ళాను. అత్త నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి పీట వేసింది. ఆయన ఎలా పోయిందీ, ఆస్పత్రికి వెళ్ళేలోపు ఏం మాట్లాడిందీ చెప్పింది. నేను అడగలేదు. అడగడానికి వచ్చానని ఆమెకే తెలిసినట్టుంది.

"కోపంతోనే చేసినాడు పాపా," అంది. "నీ కొత్త సంచీ చూసిన రోజు అన్నం ముట్టలా. పిల్ల అక్షరానికి తల తీసేసింది అన్నాడు. ఆ యాపారి వచ్చి అడిగినప్పుడు వద్దని నేను చెప్తానే ఉన్నా, ఇన్లేదు." నా ముందు నీళ్ళ చెంబు పెట్టి మళ్ళీ అంది. "అయినా, 'నేను అబద్ధం వేయలేదు, వడ్లు తెలిసినోళ్ళు చూస్తే తెలుసుకుంటారు' అన్నాడు. అదేందో నాకు తెలీదమ్మా."

ఇంటికి వెళ్ళకుండా ఆ వ్యాపారి సంచులు అమ్మే కొట్టుకు వెళ్ళాను. ఇన్నేళ్లలో ఆ గుర్తును కోపంతో ఒకసారి చూడడమే, మళ్ళీ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు దగ్గరగా చూశాను. నాకు వేసినదాంట్లో కంకి కొస గింజ బరువుకు కిందికి వంగి ఉండేది. ఇందులో కంకి నిటారుగా నిలబడి ఉంది. పాలుపోసుకున్న కంకి ఏదీ అలా నిలబడదు. అది తాలు కంకి, పొట్టు తప్ప లోపల గింజ లేనిది. వరి పండించే ఇంట్లో పుట్టి నాలుగేళ్లు ఆ సంగతి కనిపెట్టలేకపోయాను.

ముందు నవ్వొచ్చింది. నేను ఎరిగిన మామ ఆ గీతలోనే ఉన్నారు. వెంటనే మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి ఇంకా ఎక్కువ. ఆ నిజం ఎవరికోసం వేశారు మామా? అన్నం వండుకునే వాళ్ళకు తెలియలేదు, నాకే తెలియలేదు. మీ మనసును మీరు శుభ్రంగా ఉంచుకున్నారు, ఆ బియ్యం మాత్రం మిమ్మల్ని నమ్ముకున్న వాళ్ళు తిన్నారు. మీరు చేయాల్సిన పని కాదిది.

అలా నిలబడి ఉండగా, నా పక్కన ఒక అవ్వ ఐదు కిలోల సంచీ ఎత్తి నా ముందు పెట్టింది. ఆమె ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆమెకు తెలియదు.

"కంకి బియ్యమేనా పాపా ఇవి? నాకు కండ్లు సరిగా ఆనడంలా."

కాదని చెప్పాలి. చెబితే మరి అసలువి ఏవని అడుగుతుంది. నా బూడిదరంగు సంచీ ఆ కొట్టులో లేదు. ఉన్నా ఆమె పోల్చుకోగలిగింది ఏదీ దాని మీద లేదు. నా వైపే చూస్తూ, సంచీ మీది బొమ్మను వేలితో తడుముతూ నిలబడింది.

"కంకే అవ్వా," అన్నాను.

అవ్వ సంచీని చంకనెత్తుకుని, కొంగు తల మీదికి లాక్కుని, ఎండలోకి నడిచిపోయింది.